ముందు రెక్క

ఎనభైల్లో నేను పత్తి కొనేవాణ్ణి. ఒకసారి నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కితే, పక్క సీటాయన ఒళ్లో థర్మోకోల్ లాంటి పొడవాటి తెల్ల దిమ్మ ఉంది. ఇంట్లో తయారుచేస్తున్న విమానానికి ముందు రెక్కట.

"ముక్కు మరీ పైకి లేస్తే ఈ చిన్న రెక్కే ముందు గాలి పట్టు వదులుద్ది. ముక్కు దానంతటదే దిగుద్ది. వెనకున్న పెద్ద రెక్క పట్టు తప్పదు," అన్నాడు.

వింటూనే, పత్తి బస్తాకి చేసే అలవాటుకొద్దీ, దాని అంచులో గోరు గుచ్చి చిటికెడు పీకి నలిపి చూశాను.

"ఏందయ్యా ఈ పని! నెల రోజులు ఉప్పుకాగితంతో రుద్దిన వంపది!" అని అరిచాడు.

బస్సంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. "చిటికెడేగా! దానికింత రాద్ధాంతమా?" అన్నాను.

"ఈ రెక్కే బిగించి పైకి లేపుతా. నువ్వెక్కుతావా?"

ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత ఏ రైతు బస్తాలోనూ అడగకుండా వేలు పెట్టలేదు.