ప్రసన్నకుమారి బరువు బ్యాటు

తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ప్రసన్నకుమారికి బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. నర్సింగు ట్రైనింగు రోజుల నుంచీ ఆమె ఆడేది వెనక లైనులోనే. ముందున్నవాళ్లు వదిలేసిన బంతిని అవతలి కోర్టు చివరిదాకా బాదడం ఆమె పని. డ్యూటీ దిగాక చర్చి వెనక కోర్టులో కాసేపు ఆడి, వార్డులో దిగమింగుకున్న కోపమంతా ఆ ఊలు బంతి మీద తీర్చుకుంటే గాని ఇంటికి వెళ్లేది కాదు.

2007లో క్రిస్మస్ ముందు ఆమె పాత చెక్క బ్యాటు మెడ దగ్గర విరిగింది. రిపబ్లిక్ డేకి మండవల్లిలో పోటీలున్నాయి. నర్సుల జట్టు పేరిచ్చేసింది. ఇక కొత్తది కొనాలి. ఏలూరు వెళ్లి, నాలుగైదు బ్యాట్లు ఊపి చూసి, ఒకటి తెచ్చుకుంటే సరి. ఒక పూట పని.

ఆ మాట భర్త చెవిన వేయడమే ఆమె చేసిన పొరపాటు.

నెల్సన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. జన్మలో బ్యాటు పట్టి ఎరగడు. కానీ ఇంట్లోకి ఏది కొనాలన్నా ఊరందర్నీ అడగందే ఆయనకు తోచదు. వారం తిరిగేసరికి సలహాలు ఇంటికే రావడం మొదలైంది. డ్రిల్లు మాస్టారు తేలికది కొనమన్నాడు. పాస్టరు గారు బరువుంటేనే దెబ్బ పడుతుందన్నారు. పాలు పోసే యేసమ్మ కూడా, "ఇనపదైతే విరగదంటండి అమ్మగారూ," అంది.

"మీరు అడిగినవాళ్లలో ఆడేవాళ్లెంతమందండీ?" అని విసుక్కుంది ప్రసన్నకుమారి.

"ఆడనివాళ్లయితేనే పక్షపాతం లేకుండా చెబుతారు," అన్నాడాయన నింపాదిగా.

ఏలూరు పవర్‌పేటలో బుచ్చిబాబు ఆటసామాన్ల కొట్టుకి ఇద్దరూ కలిసే వెళ్లారు. బుచ్చిబాబు నెల్సన్‌కి కుర్చీ వేసి, "మేడమ్ గారు ఎలా ఆడతారండీ?" అని ఆయన్నే అడిగాడు.

"నేనిక్కడే ఉన్నానండీ," అంది ప్రసన్నకుమారి. "వెనక ఆడతాను. గట్టిగా కొడతాను. తల బరువున్న బ్యాటు చూపించండి."

"అలాగేనండీ," అంటూ అతను గులాబీ రంగు బ్యాటు తీసి, మళ్లీ నెల్సన్ చేతికే ఇచ్చాడు. "లేడీసంతా ఇదే పట్టుకెళ్తారండీ. పువ్వులా ఉంటదండి."

నెల్సన్ దాన్ని విసనకర్రలా ఊపి చూశాడు. "బాగుంది ప్రసన్నా. మణికట్టు మీద భారం పడదు."

"రోజంతా పేషెంట్లని ఎత్తి పడుకోబెట్టే చేతులండీ ఇవి. మణికట్టు సంగతి నాకొదిలేయండి."

తర్వాత ఆకుపచ్చది వచ్చింది, ఊదాది వచ్చింది. రంగులు మారుతున్నాయి గాని బరువు పెరగడం లేదు. చివరికి ఆమే స్టూలెక్కి పైఅరలోని నల్లటి బ్యాటు దించుకుంది. ఊపగానే తల ముందుకు లాగింది. భుజానికి తెలిసింది.

"అది స్మాషులు కొట్టే మగాళ్లు వాడతారండీ," అన్నాడు బుచ్చిబాబు, మొదటిసారి ఆమె మొహం చూసి. "పవరెక్కువండి. చెయ్యి అలవాటు పడేదాకా బంతి గీత దాటిపోద్దండి."

"దాటితే దాటనివ్వండి. కట్టేయండి," అంది. అప్పటికి ఆమెకు ఎవరి మాటా వినే ఓపిక లేదు.

బుచ్చిబాబు చెప్పిందీ అబద్ధం కాదు. మండవల్లిలో పోటీల కోసం చెరువుల ఆసామి భాస్కరరావు తన రెండు చేపల చెరువుల మధ్య నేల చదును చేయించి కోర్టు గీయించాడు. టీచర్ల జట్టుతో మొదటి గేములో ప్రసన్నకుమారి కొట్టిన బంతి టీచర్ల నెత్తిమీదుగా, గీత దాటి, గట్టు దాటి, చెరువులో పడింది. రెండోదీ అంతే. మూడోది ఇంకా దూరం పోయింది. గేము పోయింది.

"కాస్త మెల్లగా కొట్టవే తల్లీ," అని బతిమాలింది కెప్టెను రత్నమాణిక్యం.

"మెల్లగానే కొడుతున్నానండీ," అంది ప్రసన్నకుమారి పళ్లు బిగించి.

భాస్కరరావు చేతులు కట్టుకుని వచ్చాడు. "ఏవండీ మేడమ్ గారూ, బంతులైపోయాయండి. జెండా పండగ కదండీ, కొట్లు తియ్యలేదు. ఇక చేపలే ఆడుకోవాలండి."

చివరికి చేతివలతో ఒక బంతిని పైకి తీసి, పిండి, దాంతోనే ఆడమన్నారు. నీళ్లు పీల్చిన ఊలు బంతి రాయిలా ఉంది. టీచర్ల తేలిక బ్యాట్లకి అది నెట్టు దాటలేదు. ప్రసన్నకుమారి కొడితే మాత్రం నీళ్లు చిమ్ముతూ వెళ్లి సరిగ్గా గీతకి ఇవతల పడింది. అంపైరు తెల్లచొక్కా బురద చుక్కలతో నిండిపోయింది. రెండో గేము నర్సులది.

మూడో గేము సగానికి వచ్చేసరికి దెబ్బదెబ్బకీ నీళ్లు చిమ్మి చిమ్మి బంతి తేలికపడింది. మళ్లీ గీత దాటడం మొదలుపెట్టింది. ప్రసన్నకుమారికి బంతిని చెరువులో ముంచుకు రావాలనిపించింది. ఓడిపోయారు.

కైకలూరు బస్టాండులో టీ గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. ఆట చూడ్డానికి వెంట వచ్చిన నెల్సన్ పట్టుకుంటే తాగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ చెప్పకండి," అంది. "రేపట్నుంచి పొద్దున్నే కోర్టుకి రండి. నాకు బంతులు వేయాలి."

"నాకు రాదే."

"నాకూ ఈ బ్యాటు రాదు. వస్తుంది."

ఆయన వేసే బంతులు ఒకటి తాడెత్తు వచ్చేది, ఒకటి కాళ్ల దగ్గర పడేది. మధ్యలో ఆగి భుజం ఎంత తిప్పాలో చెప్పేవాడు. చెప్పొద్దనేది. అయినా చెప్పేవాడు. విసుగుతోనే ఆమె చేతిని కాస్త కాస్త వెనక్కి లాగడం నేర్చుకుంది. ఈస్టరు నాటికి చాలా బంతులు గీత లోపలే పడసాగాయి. మిగతావి చర్చి గోడ దాటితే, ఎర్రచీమలు పట్టిన మామిడిచెట్టు కిందికి ఆయనే వెళ్లేవాడు.

"జానెడే అవుటు ప్రసన్నా," అని గోడ అవతల నుంచి గోక్కుంటూ చెప్పేవాడు.

"కొలవడం ఆపి ముందు బంతి ఇటు వేయండి," అనేది ఆమె.