చేతులెత్తించి చేసిన నా పరిశోధన

ఒక ఆదివారం పొద్దున జమ్మలమడుగులో మా వీధిలో సగాన్ని ఏడిపించి, మిగతా సగాన్ని పరుగెత్తించిన మనిషిని నేను. కత్తి పట్టలేదు, కర్ర పట్టలేదు. పట్టింది పరిశోధన. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖం వంకాయ రంగుకు తిరుగుతుంది. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. నవ్వండి. ఆ రోజు పైన దేవుడు కూడా నవ్వాడనే నా విశ్వాసం.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం: సంస్థల్లో మార్పు ఎలా తేవాలి, జనం దానికి ఎందుకు అడ్డం తిరుగుతారు. వినడానికి బరువుగా ఉంది కదా. ఐదేళ్లలో నేను మార్చగలిగింది మాత్రం ఆ పరిశోధన శీర్షిక ఒక్కటే. నాలుగుసార్లు మార్చాను.

మా గైడు సారుది పులివెందుల. ఒకనాడు ఆయన ఫోన్ చేశారు.

"ఏమ్మా కరుణా, పుస్తకాలు శానా చదివినావు. మార్పు అనేదాన్ని యాడన్నా కండ్లతో చూసినావా?"

"చూస్తాండా సార్."

"చూస్తాండా అని ఐదేండ్లుగా చెప్తాండావు. వచ్చే నెల ఆఖరి ఆదివారం నేను పులివెందుల నుంచి మీ ఊరి మీదుగా పోతా. ఏదో ఒక సంస్థలో నువ్వు తెచ్చిన మార్పు నాకు చూపియ్యి. చూపిస్తే ఆడికాడికే గడువు పొడిగించే కాగితం మీద సంతకం పెడతా. ల్యాకపోతే నా వల్ల కాదు."

ఆ సంతకం లేకపోతే నా ఐదేళ్ల చదువు బజ్జీల పొట్లానికి తప్ప దేనికీ పనికిరాదు. వెంటనే సంస్థ కోసం వేట మొదలుపెట్టాను. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి యజమానిని అడిగితే, ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మా తాత కూర్చున్న పరుపు మీదే నేను కూర్చోనుండా. దీంట్లో మార్చేది ఏముందమ్మా? చీరలు చూడు, కొత్త రకాలు వచ్చినాయి" అన్నాడు. రెండు చీరలతో తిరిగొచ్చాను.

అప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి. సంస్థ మా వీధిలోనే ఉంది. మా చర్చి! పెద్దలున్నారు, కమిటీలున్నాయి, స్త్రీల సమాజముంది. తెల్లదొరలు గోడలు కట్టి వెళ్లిన నాటినుంచి ఒక్క మేకు కూడా చోటు మారలేదు. మార్పు మీద పరిశోధన చేసేవాళ్లకు ఇంతకంటే పచ్చిక బయలు దొరుకుతుందా?

ఏం మార్చాలో కూడా చటుక్కున తోచింది. మా చర్చి గోపురంలో పెద్ద కంచు గంట ఉంది. ఆదివారం మూడుసార్లు మోగుతుంది. మొదటిసారి మోగితే నీళ్లు కాచుకోమని. రెండోసారి మోగితే చీర కట్టుకోమని. మూడోసారి మోగితే ఇల్లు కదలమని. ఆ మూడోది మోగేది తొమ్మిదిన్నరకు. ఆరాధన మొదలు కావలసిందీ తొమ్మిదిన్నరకే. అందుచేత మా సంఘం మొత్తం తరతరాలుగా పది గంటలకు, ఎంతో క్రమశిక్షణతో, ఆలస్యంగా వస్తోంది. అదీ నేను కనిపెట్టిన రోగం. మందు: గంట తీసేసి, ఫోన్లో గ్రూపు పెట్టి, సందేశం పంపడం.

మా పుస్తకాల్లో ఒక పద్ధతి ఉంటుంది. పాత అలవాటును మంచుగడ్డలా కరిగించాలి, కొత్త రూపం ఇవ్వాలి, మళ్లీ గడ్డ కట్టించాలి. ఆ పద్ధతి రాసినవాళ్లు జమ్మలమడుగు ఎండ చూసి ఉండరు. ఈ ఊళ్లో కరిగేవే గాని గడ్డకట్టేవి లేవు.

ముందుగా గంట కొట్టే ఏలియా తాతను కలిశాను. డెబ్బై దాటిన మనిషి. మీసం మొలవకముందునుంచి ఆ తాడు ఆయన చేతిలోనే ఉంది.

"గంట అంటే ఊరికే తాడు పట్టి లాగేది కాదు పాపా. ఆదివారానికి ఒక తీరు, పెండ్లికి ఒక తీరు, సావుకు ఒక తీరు. చెయ్యికి తెలియాల."

"నిన్ను తీసెయ్యడం ల్యా తాతా, నీ హోదా పెంచుతాండా. ఇంక నువ్వు సమయ సమన్వయకర్తవి."

"అంటే ఏంది?"

"గేటుకాడ కూర్చోని అందరికీ టైము గుర్తు చేసేది."

"ఇన్నేండ్లు గంట చేసింది అదే కదమ్మా?"

ఈ ప్రశ్నకు నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. అందుకని ఆయన మెడలో వేసుకోవడానికి ఒక బిళ్ల అచ్చు వేయించాను. విధుల పట్టిక కూడా ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది: "గంట కొట్టుట ఈ హోదా విధులలో లేదు."

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెత్తని మనిషి. "సంఘాన్ని అడిగి చెయ్యమ్మా" అన్నారు. అడగకుండా చేస్తానా? నేను పరిశోధకురాలిని! తరువాతి ఆదివారం ప్రసంగం అవగానే ప్రసంగ వేదిక ఎక్కాను. ఒకరి అభిప్రాయం ఒకరు చూసి ప్రభావితం కాకూడదని, అందరినీ కళ్లు మూసుకోమన్నాను. ఆ ఏర్పాటుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"ఇకమీద గంట లేకుండా, ఫోన్లో సందేశం చూసుకుని సరిగ్గా తొమ్మిదిన్నరకే రావడానికి ఇష్టపడేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి! జొన్నచేను గాలికి లేచినట్టు లేచాయి. కమలాపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చినావిడ చెయ్యి లేచింది. ఒళ్లో పసిపిల్లల చేతులు తల్లులు ఎత్తారు. ఏలియా తాత ఎత్తాడు. మా అవ్వయితే రెండు చేతులూ ఎత్తేసింది. నేను ఒళ్లు పులకరించి పుస్తకంలో రాసుకున్నాను: "మార్పుకు వ్యతిరేకత: శూన్యం." ప్రపంచంలో మరే పరిశోధకుడికీ రాని ఫలితం. ఎందుకు రాలేదో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

గైడు సారుకు ఫలితం పంపితే ఒక్క ముక్కలో జవాబిచ్చారు. "నమ్మబుద్ధి కాలేదు. వచ్చి చూస్తా."

ఆయన వచ్చే ముందురోజు ఉపవాసం ఉన్నాను. మోకాళ్ల మీద పడి ప్రార్థించాను. "ప్రభువా, రేపు నీ మందిరం నిండిపోవాలి. జనం పరుగెత్తుకుంటూ రావాలి. కన్నీళ్లతో రావాలి. కూర్చోడానికి చోటు మిగలకూడదు." ఇది మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన. ఇందులో ఒక్క మాట కూడా వృథా పోలేదు. అది తరువాత చెబుతాను.

ఆదివారం వచ్చింది. గ్రూపులో సందేశం పెట్టాను. దండం పెట్టే చేతుల బొమ్మలు నలభై వచ్చాయి, గులాబీలు పన్నెండు వచ్చాయి, ఆమేన్‌లు లెక్కలేనన్ని. తొమ్మిదింపావుకు గైడు సారు తెల్లచొక్కాతో కారు దిగారు. ముందువరసలో కుర్చీ వేశాను.

తొమ్మిదిన్నర అయింది. లోపల ఉన్నది నేను, గైడు సారు, అయ్యగారు, అయ్యగారి భార్య, ఒక పిచ్చుక.

పావు తక్కువ పది. పిచ్చుక కూడా వెళ్లిపోయింది.

"కరుణా," అన్నారు గైడు సారు గడియారం చూసుకుంటూ, "వ్యతిరేకత శూన్యం అన్నావు. జనం కూడా శూన్యమేనా?"

చెమటలు తుడుచుకుంటూ మా అవ్వకు ఫోన్ చేశాను. ఇంట్లో తీరిగ్గా వక్కాకు నములుతోంది.

"యాడుండావు అవ్వా? తొమ్మిదిన్నరకే రావాలని చెప్పినా కదా!"

"వస్తా వస్తా. ఇంకా మొదటి గంటే కొట్టలా. నీళ్లు కూడా పెట్టుకోలా."

"గంట తీసేసినాం కదా! నువ్వు కూడా చెయ్యెత్తినావు కదా!"

"ఎత్తినా. అయితే ఏంది?"

బయట ఎదురుగా మాంసం అంగడి నడిపే ఖాదర్ మామ గేటు దగ్గరికి వచ్చి అరుస్తున్నాడు. "ఏం పాపా, మీ గంటకు ఏమొచ్చింది? మొదటి గంటకు నేను రెండో పొట్టేలు కోస్తా, రెండో గంటకు మీవాళ్లంతా కూర తీసకపోతారు. ఈపొద్దు బేరమే ల్యా. నన్నొక మాట అడగాల్సిన పన్లా?"

ఆయనను అడగాలని నాకు తోచనే లేదు. ఆయన మా సంఘం కాదు కదా! గంట మాత్రం ఆయనది కూడా.

ఇక లాభం లేదని ఏలియా తాత దగ్గరికి పరుగెత్తాను. గేటు పక్కన స్టూలు మీద, మెడలో బిళ్లతో, కలెక్టరులా కూర్చుని ఉన్నాడు.

"తాతా, గంట కొట్టు! బిన్నె కొట్టు, పది కావస్తాంది!"

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. నిదానంగా మడత విప్పాడు. "గంట కొట్టుట ఈ హోదా విధులలో లేదు. ఈ రాత ఎవురిది పాపా? నీదే కదా?"

"తాతా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"కాళ్లు పట్టుకునేదాని గురించి ఈడ ఏం రాయలేదే."

గోపురం కిందికి పరుగెత్తి నేనే తాడు పట్టుకున్నాను. పాఠాలు చెప్పే చెయ్యి. ఉన్న బలమంతా కూడదీసి లాగాను. ఢాం! భుజం ఊడినంత పనయింది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ లాగాను. ఢాం! మళ్లీ నడుం పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ ఢాం!

ఐదో దెబ్బకు ఏలియా తాత స్టూలు మీదినుంచి లేచాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవురు పోయినారు పాపా?"

"పోయేదేంది?"

"ఒక్కో దెబ్బ, నడుమ నడుమ నిలిపి. అది సావు తీరు. ఆదివారానికి జంట దెబ్బలు, గబగబా కొట్టాల. ఆపొద్దు చెప్తామంటే నువ్వు విన్యావా?"

అప్పటికే వీధి కదిలింది. పొద్దున్నుంచి గంట మోగలేదు, మోగగానే చావు గంట మోగింది. ఇంక అనుమానమేముంది? అయ్యగారు పోయారు! తల దువ్వుకోని ఆడవాళ్లు, చొక్కా గుండీలు పెట్టుకోని మగవాళ్లు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వచ్చిపడ్డారు. ఖాదర్ మామ కత్తి కడగకుండానే పరుగెత్తుకొచ్చాడు. నీళ్లు పెట్టుకోని మా అవ్వ దారిలో పూలంగడిలో ఒక దండ కూడా తీసుకుని, "అయ్యగారూ, మమ్మల్ని ఇడిసిపెట్టి పోతివా!" అంటూ గుమ్మంలో ఎదురొచ్చిన మనిషి మెడ పట్టుకుని ఏడ్చింది.

ఆ మనిషి అయ్యగారే.

"అవ్వా, నేను బాగుండా," అన్నారాయన, ఊపిరాడక.

అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. చేతిలో దండ చూసుకుంది. వెనక్కి ఇస్తే అంగడివాడు తీసుకోడు. ముందువరసలో కొత్త మనిషి కనిపించాడు. నేరుగా వెళ్లి దండ గైడు సారు మెడలో వేసింది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "మీ జమ్మలమడుగు వాళ్లు మర్యాద అంటే మర్యాదమ్మా" అని మురిసిపోయారు. ఆ దండ ఎవరికోసం కొన్నదో పక్కన కూర్చున్న ఖాదర్ మామ ఆయన చెవిలో చెప్పేదాకా.

జనం ఎలాగూ నిండిపోయారు కాబట్టి అయ్యగారు ఆరాధన మొదలుపెట్టారు. బతికున్నందుకు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ప్రసంగం చివర, ప్రతి ఆదివారం లాగే, "అందరూ కళ్లు మూసుకోండి. ఈ వారం పొరుగువాళ్లను క్షమిస్తామనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. అందరి చేతులూ లేచాయి. నా చెయ్యీ లేచింది, పుట్టినప్పటినుంచి లేస్తున్నట్టే. గాలిలో ఉన్న నా చెయ్యిని నేను చూసుకున్నాను.

గైడు సారు కూడా చూశారు. దండతోనే లేచి అయ్యగారి అనుమతి తీసుకుని వేదిక ఎక్కారు.

"అట్లే కండ్లు మూసుకోండి. గంట మళ్లీ కొట్టాలనేవాళ్లు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు.

"గంట అక్కర్లేదనేవాళ్లు?"

అందరూ ఎత్తారు. అవ్వ రెండు చేతులూ.

"ఈ సారుకు మధ్యాన్నం అన్నం పెట్టి పంపాలనేవాళ్లు?"

ఎత్తారు. ఆ ఒక్కటి మాత్రం మనసులోంచి వచ్చిందే. తరువాత నాలుగిళ్లవాళ్లు ఆయన కోసం కొట్లాడుకున్నారు.

వేదిక దిగి నా దగ్గరికి వచ్చారు. "నువ్వు కొలిచింది మార్పుకు ఒప్పుదల కాదమ్మా. ముందర నిలబడి అడిగిన మనిషిని కాదనలేని మంచితనాన్ని కొలిచినావు."

"మరి సంతకం సార్?"

"నా మెడలో సావుదండ ఉండాది. ఇంకా సంతకం అడుగుతాండావా?" అని, ఏలియా తాత వైపు తిరిగారు. "తాతా, గంట కొట్టే తీరు ఈ పిల్లకు నేర్పిస్తావా?"

"నేర్పిస్తా. ముందు ఈ బిళ్ల ఎనక్కి తీసుకొమ్మనండి. దురద పెడతాంది."

బిళ్ల నేను తీసుకున్నాను. తాడు ఆయనకిచ్చాను. గైడు సారు ఒక్క షరతుతో సంతకం పెట్టారు: జరిగింది జరిగినట్టు, చావు గంటతో సహా, సిద్ధాంత గ్రంథంలో రాయాలి. రాశాను. వైవా రోజున పరీక్షకులు మిగతా అధ్యాయాలు తెరిచినట్టు లేదు. ఆ ఒక్కదాన్ని మాత్రం నాచేత రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు. డాక్టరేటు వచ్చింది.

ఇక నా ప్రార్థన సంగతి. మందిరం నిండింది. జనం పరుగెత్తుకుంటూ వచ్చారు. కన్నీళ్లతో వచ్చారు. కూర్చోడానికి చోటు మిగలలేదు. అడిగిందంతా అక్షరం పొల్లుపోకుండా ఇచ్చాడు నా దేవుడు. అప్పటినుంచి ప్రార్థనలో వివరాలు కూడా చెప్పుకుంటున్నాను.

ఒట్టు పెట్టుకోవడం మా బైబిలు వాక్యానికి పడదు. అవునంటే అవును, కాదంటే కాదు. కాబట్టి ఒట్టు లేకుండానే, పూర్తి గాంభీర్యంతో ప్రకటిస్తున్నాను: ఊపిరి ఉన్నంతవరకు ఏలియా తాత చెప్పనిదే ఆ తాడు ముట్టను, ఎవరికీ బిళ్ల అచ్చు వేయించను, మందిరంలో సర్వే చేయను. ఈ మాట నమ్మినవాళ్లు చేతులెత్తండి.

వద్దు, దించండి. ఎత్తుతారని నాకు తెలుసు.