జర్మనీ ఇంజను మీద ఒట్టు

మొన్న దసరాకు ముందు, పులివెందులలో మా వంటింటి గట్టు మీద ఇంత చింతపండు గుజ్జు పెట్టుకుని మూరెడు పొడవున్న ఇత్తడి పలకను రుద్దుతుంటే, ఆ పులుపూ ఇత్తడీ కలిసిన వాసన ముక్కుకు తగిలిందో లేదో, అరవై దాటి బడిపంతులమ్మగా రిటైరైపోయిన దాన్ని, పదేళ్ల పిల్లనై జమ్మలమడుగు పక్కన నాపరాళ్ల గనిలో నిలబడ్డాను.

ఆ గని ఇప్పుడు లేదు. అప్పుడు మాత్రం మా లోకమంతా అదే. ఎండాకాలం బండల మీద కాలు పెడితే బొబ్బలెక్కేది, వానలు పడితే గుంటల్లో పచ్చటి నీళ్లు నిలిచి, పిల్లలెక్కడ పడతారోనని మా జేజికి, అంటే మా నాయనమ్మకు, గుండెల మీద కుంపటిగా ఉండేవి, చలికాలం పొద్దున్నే రాయి కొట్టేవాళ్లు తుమ్మ కంపల మంట చుట్టూ చేరి, సంకటి ముద్దలో శెనక్కాయల ఊరిబిండి నంజుకుని తింటుంటే ఆ వాసనకు, ఇంట్లో తినొచ్చిన మాకు కూడా మళ్లీ ఆకలేసేది. గనిలోంచి రోడ్డు పక్కన రాళ్ల దొడ్డి దాకా సన్న పట్టాలు, వాటి మీద బండలు మోసే తొట్లు, ఆ తొట్లను లాగే ఆవిరి ఇంజను. అది కట్టెలు తిని పొగ కక్కుతూ వస్తుంటే, ఆరేసిన బట్టలు తీసుకుని ఆడవాళ్లు లోపలికి పరిగెత్తేవాళ్లు.

దాన్ని నడిపేది మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన. చొక్కాకు నూనె మరక పడితే ఊరుకునేవాడు కాడు, ఇంజనుకు దుమ్ము పడితే అసలే ఊరుకునేవాడు కాడు. ఇంజనుకు పక్కన, ఆయన నిలబడే చోటికి కింద, ఒక ఇత్తడి పలక బిగించి ఉండేది. దాని మీద పైకి పొంగిన జర్మనీ అక్షరాలూ ఒక నంబరూ ఉండేవి. ఆ అక్షరాలు ఆయనకు రావు, మాకూ రావు. అయినా ఆ కంపెనీ చరిత్ర అంతా తన కళ్ల ముందే జరిగినట్టు చెప్పేవాడు. "వాళ్లు చేసిన ప్రతి ఇంజనుకూ ఒక నంబరు పెడతారు మ్మే. ఒకసారి పెట్టిన నంబరు ఇంకోదానికి పెట్టరు. దాన్ని యాడికి పంపినారో బుక్కులో రాసి పెట్టుకుంటారు. మన ఇంజను పేరు కూడా ఆడ రాసిపెట్టి ఉండాది" అనేవాడు. ఎక్కడో సముద్రాలవతల, మా జమ్మలమడుగు ఇంజను పేరు రాసుకున్న దొరలు ఉన్నారంటే నాకు ఒళ్లు జలదరించేది.

ఆ మాట వల్లనేమో, గనిలో ఒక ఆచారం పుట్టింది. ఏ సుత్తో కనబడకపోయినా, ఎవరి బండ ఎవరు కాజేశారని గొడవ పడినా, గుడికి పోయేవాళ్లు కాదు. ఇంజను మీద ఒట్టు పెట్టించేవాళ్లు. మంట ఆర్పి, ఇంజను పూర్తిగా చల్లబడినాకే పలక మీద అరచెయ్యి పెట్టి చెప్పాలి, రేపెవడూ చెయ్యి కాలిందని సాకు చెప్పకూడదని. చెయ్యి పెట్టి చెప్తే నిజం. చెయ్యి వెనక్కి తీసుకుంటే అంతే, ఇంకో మాట లేదు. గని సావుకారు కూడా ఆ ఒట్టుకు ఎదురు చెప్పేవాడు కాదు.

ఇంజనులో కట్టెలు వేసే ఆయన మస్తాన్ మామ. దూదేకుల వాళ్లు. ఆయనా మా జేజినాయనా ఒకే కంచంలో తిన్నంత పని చేసేవాళ్లు. రోజూ పొద్దున్నే చింతపండూ సన్న ఇసకా కలిపి పలకను బంగారంలా తోమేది ఆయనే. ఆయన కూతురు నూర్జహాన్ నా ఈడుది. నాపరాయి పెంకులు ఏరుకుని తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, గుండ్రటి రాళ్లు దొరికితే అచ్చనగాళ్లు ఆడేవాళ్లం. మా ఇంట్లో ఓళిగలు చేస్తే దానికి రెండు, వాళ్లింట్లో రంజానుకు సేమ్యా పాయసం చేస్తే నాకు పెద్ద గ్లాసు. జడలు కూడా ఒకరికొకరం వేసుకునేవాళ్లం, అది నా జుట్టు పీకినప్పుడల్లా నేను దాని జుట్టు పీకేదాన్ని.

మా ఇంజను కాక ఇంకొకటి కూడా ఉండేది, అదే కంపెనీది, నాలుగు చక్రాలది. మేం దాన్ని చిన్నది అనేవాళ్లం. మాది ఆరు చక్రాలది, పెద్దది. చిన్నదానికి బాయిలరు పగిలిపోయి, షెడ్డు వెనక సర్కారు తుమ్మల్లో పడి ఉండేది. అది నడిచినన్నాళ్లూ దాని మీద మస్తాన్ మామే ఉండేవాడు, దాని పలక తోమిందీ ఆయనే. దానికీ ఇలాంటి పలకే, నంబరు ఒక్కటే వేరు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజ అంటే గనిలో మా పిల్లలకు పట్టపగ్గాలుండేవి కావు. బొరుగులూ పప్పులూ బెల్లమూ కలిపి దోసిళ్లతో పంచేవాళ్లు, ఇంజనుకు అరటి పిలకలూ బంతిపూల దండలూ కట్టేవాళ్లు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, కూత వేయించేవాళ్లు. ప్రొద్దుటూరు నుంచి ఫోటో ఆయన కూడా వచ్చాడు. ప్రతి ఏడూ పలకను తోమి పసుపు రాసేది మస్తాన్ మామే. ఆ ఏడు మాత్రం మా జేజినాయన, "ఈసారి నేనే చేస్తాలే, నువ్వు తోరణాలు కట్టుపోప్పా" అన్నాడు. అక్షరాలు కనబడనంత మందంగా పసుపు మెత్తాడు. పండక్కి పూసిన పసుపు దానంతటది రాలిపోయేదాకా తుడవకూడదని మాకు పట్టింపు.

పండగైన నాలుగో రోజు, చిన్నదాని పలక కనబడలేదని సావుకారు మనిషి కేకలేశాడు. ఇత్తడి కదా, ఎవరో ఊడబీకి అమ్ముకున్నారన్నారు. దాని బోల్టులు విప్పడం తెలిసినవాడెవడు? మస్తానే. ఎవరన్నారో తెలియదు గానీ మధ్యాహ్నానికల్లా అందరి నోటా అదే మాట. ఇంజను మంట ఆర్పారు. సాయంత్రం ఎండ ఉండగానే అందరం గుమిగూడాం. నేను జేజి కొంగు పట్టుకుని నిలబడ్డాను, నూర్జహాన్ నా పక్కనే. దానికి బెదురే లేదు, వాళ్ల నాయన చెయ్యి పెడతాడు, పలక ఆయన మాట నిలబెడుతుంది, అంతే కదా!

మస్తాన్ మామ చేతులు కడుక్కుని వచ్చి, పసుపు పలక మీద అరచెయ్యి ఆనించాడు. 'నేను తీయలేదు, ఎక్కడుందో నాకు తెలియదు' అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఒక్కసారిగా ఆయన ముఖం మారిపోయింది. మా జేజినాయన వైపు చూశాడు. చూస్తూ, చూస్తూ, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

అయ్యో దేవుడా! అందరూ ఒక్కసారి అరిచారు. మా జేజినాయన మాత్రం నూనెడబ్బా ఎత్తుకుని చక్రాల వైపు వంగాడు.

మరునాడు నూర్జహాన్ తొక్కుడుబిళ్లకు వస్తే, "పో మే, దొంగోని కూతురా! నీతో నేను ఆడను" అన్నాను. దాని చేతిలో బిళ్ల అట్లాగే ఉండిపోయింది. ఆ వారంలోనే వాళ్లు సామాన్లు ఎద్దులబండికెత్తుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. మస్తాన్ మామ కువైట్‌కు పోయాడని తర్వాత విన్నాం.

గని మూతబడినప్పుడు ఇంజనును గ్యాసుతో కోసి లారీకెత్తారు. జేజినాయన పలక ఒక్కటి విప్పుకుని ఇంటికి తెచ్చుకుని గోడకు బిగించాడు. ఆయన పోయాక అది నా దగ్గరికి వచ్చింది. మొన్న నేను తోముతుంటే మా చెల్లెలి కొడుకు చూసి, దానికీ, పాత దసరా ఫోటోకీ సెల్లులో ఫోటోలు తీసి, ఆ కంపెనీ ఇంజన్ల లెక్క రాసే ఒక జర్మనీ పెద్దాయనకు పంపాడు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. పిల్లోడు చదివి తెలుగులో చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నాను. నాగళ్లూ నీళ్ల తొట్లూ పోసే చిన్న కొలిమిగా మొదలైన కంపెనీయట. తర్వాత రైలింజన్లకు దిగి, ప్రపంచంలో చెరకు తోటలు ఎక్కడుంటే అక్కడికి, గనులు ఎక్కడుంటే అక్కడికి సన్న పట్టాల ఇంజన్లు పంపిందట. యుద్ధంలో బాంబులు పడి కార్ఖానా సగం కూలినా మళ్లీ లేచిందట. చివరికి ఆవిరి ఇంజన్లు అడిగేవాడు లేక, క్రేన్లూ పంపులూ చేసి చూసి, మూసుకున్నదట. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లట. కానీ ఇంజన్ల పుస్తకాలు మాత్రం భద్రంగా ఉన్నాయట. మా జేజినాయన చెప్పినట్టే! నేను చప్పట్లు కొట్టబోయాను.

"ఉండు పెద్దమ్మా, ఇంకా ఉండాది" అన్నాడు వాడు. "ఈ నంబరు నాలుగు చక్రాల ఇంజనుదంట. ఫోటోలో పూజ చేస్తాండేది ఆరు చక్రాలది. ఈ పలక దానిది కాదంట."

నాలుగు చక్రాలది చిన్నది. చిన్నదాని పలక. దొంగతనం జరిగిందన్న పలక! దాన్ని దొంగిలించలేదని దాని మీదే చెయ్యి పెట్టమన్నారా ఆ మనిషిని? మా జేజినాయన మెత్తిన ఆ పసుపు ఎందుకో అప్పుడు తెలిసింది.

ప్రొద్దుటూరులో నూర్జహాన్ ఇల్లు కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. బట్టల అంగడి వెనక మేడ, మనవళ్లతో నిండిన ఇల్లు. మస్తాన్ మామ పోయి చాలా ఏళ్లయిందట. నన్ను గుర్తుపట్టింది, టీ ఇచ్చింది. పలక తీసి మంచం మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడం మళ్లీ నా వంతే అయింది.

"మా నాయనకు ఆ పొద్దే తెల్సు మే" అంది. "పండగ ముందురోజే పెద్దదాని పలక ఊడి గుంట నీళ్లలో పడిపోయింటాదని అనేవాడు. పండగ ముంగట ఇంజను బోడిగా ఉంటే పరువు పోతాదని మీ జేజినాయన చిన్నదాని పలక తీసి బిగించినాడు. ఎన్నేళ్లు తోమిన చెయ్యి మా నాయనది! నంబరు కండ్లకు కనపడకపోయినా చేతికి తెలీదా?"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా నూర్జా?"

"పలక యాడుందో తెలీదంటే అబద్ధపు ఒట్టు, చెయ్యి కిందే ఉండాదంటే మీ జేజినాయన దొరికిపోతాడు. కట్టెలు మోసేవాణ్ని ఇంజను ఎక్కించింది ఆయనే కదా, నలుగుర్లో ఆయన్నెట్ల పట్టిచ్చేది అనుకున్నాడంట. ఆయనే చెప్తాడులే అని ఆయన పక్క చూసినాడంట. కువైట్ నుంచి ఉత్తరం రాసినప్పుడల్లా మాయమ్మను అడుగుతానే ఉన్న్యాడు, పెద్దాయన ఏమన్నా చెప్పినాడా అని."

నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "మీ నాయన దొంగ కాదని నేను అందరికీ చెప్తా, ఒట్టు" అన్నాను.

అది కోపం చేసుకోలేదు. నా మోకాలి మీద చెయ్యేసి, "ఎవురికి చెప్తావు మే? ఆ పొద్దు మా నాయన్ను దొంగ అన్నోళ్లు ఎవురెవురు ఉండారో చెప్పు, ఇద్దరం పోయి చెప్పి వద్దాం" అంది.

లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సావుకారు లేడు, ఆయన మనిషి లేడు. మా జేజి లేదు. రాయి కొట్టినవాళ్లు ఒక్కొక్కరే పోయారు, పట్టాలు పాత ఇనుముకు పోయాయి, గని నిండా నీళ్లు నిలిచి ఎవరూ అటు పోవడం లేదు. ఎంత వెతికినా నాకు ఒక్క మనిషే దొరికింది. దాని ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నేనే.