ఉస్మాన్ నెత్తిమీద కర్రలు

ఎనభయ్యో దశకంలో నేను గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో ఒక కాలేజీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాణ్ణి. అక్కడ చదివే సూడాన్ విద్యార్థులంతా ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేవారు. వాళ్లలో కొత్తగా వచ్చిన ఉస్మాన్ మొదటి పరీక్ష తప్పి, ఊరికి వెళ్లిపోతానని పెట్టె సర్దుకున్నాడు. సీనియర్లు ఆ పెట్టెను తమ గదిలో దాచేసి, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించారు.

ఒక సాయంత్రం వరండాలో కేకలు వినిపిస్తే పరుగెత్తాను. తెల్ల తలపాగాలు చుట్టుకున్న ఆజానుబాహులు, ఆ సీనియర్లే, ఉస్మాన్‌ను చుట్టుముట్టి, అతని నెత్తిమీద కర్రలు ఊపుతున్నారు. మళ్లీ పరీక్ష తప్పాడు కాబోలు, ఇక చంపేస్తారనుకున్నాను. చేతిలో గరిటెతోనే మధ్యలో దూరి, "ఖలాస్, ఖలాస్. ఇగ చాలు, పోరన్ని ఇడిసిపెట్టుర్రి" అని అరిచాను.

కర్రలన్నీ గాల్లోనే ఆగిపోయాయి. మా మెస్సు పెద్ద, హైదరాబాద్ ఖాదర్ భాయ్ నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు.

"అరే మల్లయ్యా, కొడ్తలేరు. వాడు పాసయిండు. సంబరమైతే వీళ్లు గిట్లనే కర్రలు ఊపుతరు."

నేను గరిటె వెనక్కి దాచుకున్నాను. ఉస్మాన్ మాత్రం తన తలపాగా విప్పి నా తలకు చుట్టాడు.

తర్వాత నేను డ్రైవింగ్ పరీక్ష ఎన్నోసార్లు తప్పి, చివరికి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో అవే కర్రలు నా కోసం లేచాయి. అందరికంటే ముందు ఉస్మాన్ ఉన్నాడు. ఆ సందట్లో పొయ్యిమీద అన్నం మాడిపోయింది. అన్నాళ్లూ నేను వడ్డించడమే తప్ప చెయ్యి పెట్టని వాళ్ల పెద్ద పళ్లెంలో, ఆ మాడన్నం అందరం కలిసి తిన్నాం.