పెనిమిటి పేరున్న కంప్యూటర్

పలాసలో ఆ రక్తపరీక్షల ల్యాబ్‌కి రెండే లినక్స్ కంప్యూటర్లు. రిపోర్టులన్నీ లోపలి గదిలోని దాంట్లో ఉంటాయి. ముందు బల్ల మీదది దాన్ని పేరు పెట్టి పిలిచి, రిపోర్టు తెచ్చి ప్రింటు తీస్తుంది. వాటిని అమర్చిన లోకనాథ్ లోపలి దానికి తన పేరే పెట్టుకున్నాడు. "ఇంట్లో నా పేరు నువ్వెలాగూ పలకవు, ఇదైనా పిలుత్తాది" అని పెళ్ళాం గౌరిని ఉడికించేవాడు.

కిడ్నీలు పాడై అతను పోయి నాలుగు నెలలు. ఇప్పుడు ముందు బల్ల దగ్గర అతని కుర్చీలో గౌరి కూర్చుంటోంది.

ఆ పొద్దున బల్ల మీది కంప్యూటర్ చచ్చిపోయింది. లోకనాథ్ మంచాన పడి కూడా, అవసరానికని సిద్ధం చేయించి ఉంచిన మరో కంప్యూటర్ని గౌరి తెచ్చి తగిలించింది. అది లోపలి దాన్ని అందుకోవడం లేదు.

బెంచీ మీద ఉద్దానం నుంచి వచ్చిన పెద్దతల్లి అనే ముసలామె, ఆమె ఒళ్లో తలపెట్టి కొడుకు సన్యాసిరావు. ఒంటిగంట పాసింజరుకి వాళ్లు విశాఖ వెళ్లాలి. రిపోర్టు లేకుండా రావద్దని అక్కడి డాక్టరు చెప్పాడు.

గౌరి ఫోను తీసి, లోకనాథ్‌తో పని చేసిన ఢిల్లీరావుకి చేసింది.

"లోపలిదాని నంబరుతో పింగ్ కొట్టు వదినా, పలుకుతాదో లేదో తెలుస్తాది."

కొట్టింది. "జవాబొస్తోంది బాబూ."

"అయితే వైరు బాగానే ఉంది. ఇప్పుడు మా అన్నియ్య పేరుతో కొట్టు."

గౌరి చేతులు ఆగిపోయాయి.

"ఏటే అమ్మా, కొత్త పెళ్లికూతుర్ని మొగుడి పేరు సెప్పమన్నట్టు నీలుగుతున్నావు? నా బండెల్లిపోతాది!" అంది పెద్దతల్లి.

ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. "ఆ పేరు తెలీదంటోంది."

"హోస్ట్స్ ఫైలు తెరువు. ఏ పేరుకి ఏ నంబరో అందులోనే ఉంటాది. ఆ నంబరు పక్కన ఏటుంది?"

చూడగానే ఆమెకి ఆ రాత్రి గుర్తొచ్చింది. అతను మంచం మీంచి చెబుతుంటే ఆ ఫైలు కొట్టింది తనే. "ఇప్పుడు నా పేరు కొట్టు" అన్నాడు. "ఛీ, నేను కొట్టను." "నోటితో అనొద్దులే, కొట్టడానికేటి?" అన్నా వినలేదు. తను ఎప్పుడూ అతన్ని ఎలా అంటుందో అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసింది. అతను ఆయాసపడుతూ నవ్వి, రేపు దిద్దుదాంలే అన్నాడు. తెల్లారేసరికి స్పృహ లేదు.

"వదినా, ఏటుందో సెప్పు."

"'ఆయన' అని ఉంది."

"దాన్ని తీసెయ్యకు వదినా. పక్కన కాస్త ఖాళీ వదిలి అసలు పేరు కూడా కొట్టు. ఒక నంబరుకి రెండు పేర్లుంటే తప్పులేదు."

కొట్టి సేవ్ చేసింది. మళ్లీ పింగ్ చేసింది. లోపలి గది పలికింది.

ప్రింటరు మెల్లగా కాగితం వదిలింది. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ పదకొండు దాటింది. ఆ అంకె పెరిగే కొద్దీ మనిషి ఏమవుతాడో గౌరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"బాగుందా అమ్మా?" చదువురాని పెద్దతల్లి ఆమె మొహంలోకి చూసింది.

"బండికి వేళైంది, లెగండి" అని గౌరి కాగితం మడిచి కవర్లో పెట్టింది. సన్యాసిరావుని రెండో పక్క పట్టుకుని రిక్షా దాకా నడిపించింది. మూడు మెట్లు దిగడానికి అతను రెండుసార్లు ఆగాడు.