కొడవలి లేని దొంగ

2022 కార్తీకం. ఆత్మకూరులో నా పురుగుమందుల కొట్టు ముందు రైతులు తిరునాళ్లకు వచ్చినట్టు నిలబడి ఉన్నారు. తిరునాళ్లంటే మరీ ఎక్కువైంది. ఇద్దరే ఉన్నారు, అందులో ఒకాయన నీడ కోసం వచ్చాడు. రెండో ఆయన దేవదానం. కాలువ చివరి భూముల్లో కొంచెం వరి, అదే ఇంటికి ఏడాది తిండి. సంచి విప్పి తెగిన కంకులు నా బల్ల మీద కుప్ప పోశాడు.

రోజూ తెల్లారేసరికి మడిలో ఇలా పడి ఉంటున్నాయట. చూస్తే ఒక్క పురుగూ కనబడదట. గట్టు అవతలి మాబాషా వరికి మాత్రం ఏమీ కాలేదట. వాళ్లిద్దరికీ ఆ గట్టు దగ్గర పాత తగాదా ఉంది.

"కొడవలి పెట్టినాడన్నా. రేపు స్టేషన్‌కు పోతాండా" అన్నాడు. ఆ మాట అప్పటికే టీ కొట్టు దాకా పాకింది.

కంకులు చూడగానే విషయం పట్టేశానని ఊళ్లో చెప్పుకుంటుంటాను. నిజానికి ఎలుకలనుకున్నాను. కానీ ఎలుక పిలకను కింద కొరుకుతుంది, ఇవి కంకి మెడ దగ్గర తెగాయి. ఎందుకైనా మంచిదని ఆయన బండెక్కి మడికి పోయాను.

కోత మిషను దిగాలి కదా అని, అందరూ చేసినట్టే దేవదానం నీళ్లు తీసేశాడు. నేల నెర్రెలు విచ్చింది. దుబ్బు మొదలు విడదీసి నెర్రెలో వేలు పెడితే బొటనవేలంత పురుగు చుట్ట చుట్టుకుని ఉంది. అంత లేదులెండి, చిటికెన వేలికన్నా సన్నమే. దీన్ని లార్వా అంటాం, అంటే గుడ్డుకూ రెక్కల పురుగుకూ మధ్య, తినడం తప్ప పనిలేని వయసు. పగలు నెర్రెల్లో దాక్కుంటుంది, పొద్దు గుంకాక కాండం ఎక్కుతుంది. తినేది నాలుగు గింజలే, మెడ కొరికి కంకినంతా పడేస్తుంది. మాబాషా ఆలస్యంగా నాటాడు కాబట్టి ఆయన మడిలో ఇంకా నీళ్లున్నాయి. నీళ్లుంటే దీనికి దాక్కునే చోటు లేదు.

గట్టి మందు ఇమ్మన్నాడు దేవదానం. కోతకొచ్చిన చేను మీద చల్లితే ఆ విషం గింజలోకీ, ఎద్దులు తినే గడ్డిలోకీ పోతుంది. మందొద్దు, మడి నింపమన్నాను. ఆయన గట్టు వైపు చూశాడు. కాలువ నీళ్లు ఆ మడికి చేరాలంటే మాబాషా మడి దాటే రావాలి.

"దొంగ అన్న నోటితో నీళ్లు ఎట్ల అడిగేదన్నా?"

మాబాషా గట్టు మీదే ఉన్నాడు, మమ్మల్ని చూడనట్టు. దేవదానం పురుగును అరచేతిలో పెట్టుకుని పోయి ఆయన ముందు చాపాడు.

"మామా, దొంగ దొరికినాడు."

మాబాషా పురుగును తిప్పి తిప్పి చూశాడు. "వీని కొడవలి యాడుండాది, అల్లుడా?"

"తెలీలేదు మామా."

"తెలీకుంటే నన్ను అడిగేది. టీ కొట్టుకు చెప్పేదా?"

అంత మాత్రమే అని పార అందుకుని, గట్టులో నీళ్లు పారే మడవ తెంచాడు. ఆయన చేను అప్పుడే పాలు పోసుకుంటోంది, ఆ నీళ్లు ఆయనకూ కావాలి. అయినా వదిలాడు. నెర్రెలు నిండేకొద్దీ పురుగులు బయటికొచ్చి కాండాలు పట్టుకున్నాయి. కొంగలు దిగాయి. ఇద్దరూ చెరో వైపు నుంచి ఏరుతూ వచ్చారు.

పంటంతా దక్కించానని నేను చెబుతుంటాను. ఒక మూల మొత్తం పోయింది. మిగిలింది తిండికి చాలింది. దేవదానం ఆ పురుగును సీసాలో వేసుకుని నేరుగా టీ కొట్టుకే పోయాడు, తను అన్న మాట తనే వెనక్కి తీసుకోవడానికి.

ఇప్పుడు నా కొట్టుకు ఎవరొచ్చినా మందు పేరు అడగనివ్వను. పక్క మడిలో నీళ్లున్నాయా అని అడుగుతాను. కంకి తెగితే ముందు పక్కవాడి ముఖం కాదు, దుబ్బు మొదలు చూడాలని కూడా చెబుతాను. ఈ మాట నాదేనని అందరూ అనుకుంటారు, నేనూ కాదనను. కానీ అది ఆ రోజు టీ కొట్టులో సీసా బల్ల మీద పెట్టి దేవదానం అన్న మాట.