మౌని నోరు విప్పిన ఆదివారం

లిఫ్టులు బాగుచేసేవాడికి నోటితో పెద్దగా పని ఉండదు. పన్నెండంతస్తుల గోతిలో ఒంటరిగా నిలబడి, తీగలకు గ్రీజు రాసుకుంటూ, బ్రేకు ఎంత అరిగిందో వేలితో తడిమి చూసుకుంటూ రోజంతా గడిపేయవచ్చు. మౌనికి ఆ పని నచ్చింది అందుకే. మౌని అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, స్నేహితులు తగిలించింది. అతనికి నత్తి. 'క' ఎదురైనా 'ప' ఎదురైనా మాట గొంతు దాటి రానని మొరాయిస్తుంది.

కుర్రతనంలో అతను ప్రతి ఆదివారం ఒక ఆట ఆడేవాడు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు: ఇదిగో అడవి, అదిగో కోట, ఆ గుహలో నిప్పులు కక్కే జంతువు. మిగతావాళ్ళు తలో పాత్ర పుచ్చుకుని, ఆ పాత్ర ఏమంటుందో, ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. అనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే అంతే సంగతులు. మొత్తం మాటల మీద నడిచే ఆట. నత్తివాడికి ఇదేం సరదా అని మీకు అనిపించవచ్చు. మనకు లేనిదాని మీదే కదా మోజంతా!

పైగా అతను ఒక ఉపాయం కనిపెట్టాడు. మూగవీరుడి పాత్ర తీసుకున్నాడు. ఆ వీరుడు గొడ్డలి తిప్పుతాడు, తలూపుతాడు, పెదవి మాత్రం కదపడు. వీరుడి మనసులో మాటేదో పక్కన కూర్చున్న స్నేహితుడు చెప్పేసేవాడు. ఆ స్నేహితుడే తరవాత ప్లీడరయ్యాడు, మౌని చెల్లెల్ని చేసుకుని బావ కూడా అయ్యాడు. ఆటలోనే కాదు, హోటల్లో మౌనికి కాఫీ చెప్పడం దగ్గర్నుంచి బస్సులో దిగాల్సిన చోటు చెప్పడం దాకా అన్నీ అతనే. మంచివాడే. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా. చెడ్డవాణ్ణయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

కూతురు పుట్టాక, డ్యూటీలు పెరిగాక, ఆట మానేసి ఎనిమిదేళ్ళయింది. మూగవీరుడి కథలు మాత్రం ఇంట్లో మిగిలాయి. అతను కూతురికి వాటినే చెప్పేవాడు. కష్టపడి, ఆగి ఆగి, కానీ గర్వంగా చెప్పేవాడు. పిల్లకీ తండ్రి నత్తే వచ్చింది.

ఒక సాయంత్రం పిల్ల నోటుబుక్కులో టీచరు రాసిన చీటీ కనిపించింది. పాప రెండు వారాలుగా క్లాసులో ఒక్క మాటా మాట్లాడటం లేదు, దయచేసి గమనించండి అని.

"ఏమైందమ్మా?" అని అడిగాడు.

"న... నేను మూగవీరురాల్ని నాన్నా," అంది పిల్ల సంబరంగా. "నా బదులు ప... పక్కమ్మాయి చెప్తుంది."

మౌనికి చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. తను భయపడి దాక్కున్న కలుగుకి వీరత్వం అని పేరు పెట్టి, పిల్లని కూడా అందులోకి పిలిచాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"మాటలు నేర్పే మేడం చెప్పినవన్నీ చేయిస్తూనే ఉన్నాను," అంది భార్య. "కానీ ఇది మేడం కన్నా మిమ్మల్నే ఎక్కువ నమ్ముతుంది. నేనేం చెయ్యను?"

మర్నాడు పని అవగానే అతను తిన్నగా కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాడు. ఆటలో కథ నడిపేది ఆ కొట్టాయనే.

"ఆ... ఆదివారం ఆట ఉందా ఇంకా?"

"ఓరి నీ! ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? నీ మూగాణ్ణి చంపలేదురా, బతికే ఉన్నాడు. రా."

"వాడొద్దు. మ... మాట్లాడేవాడు కావాలి. రాయబారి."

కళ్ళజోళ్ళాయన తుడుస్తున్న అద్దం పక్కన పెట్టాడు. రాయబారంటే ఆటలో అందరికన్నా ఎక్కువ మాట్లాడాల్సినవాడు. "నెమ్మదిగా చూద్దాంలేరా," అన్నాడు.

"నెమ్మదిగానే మ... మాట్లాడతా. కానీ నేనే."

ఆదివారం మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో బల్ల వేశారు. గోడకి చూపు పరీక్షించే అక్షరాల అట్ట, మూలన అద్దాలు అరగదీసే మిషను. కళ్ళజోళ్ళాయన, ప్లీడరు, పాతికేళ్ళుగా వాళ్ళతో ఆడుతున్న నర్సక్క, మౌని. తండ్రి పక్కనే స్టూలు మీద కూతురు. ఏం చూపించడానికి తెచ్చాడో అతను ఎవరికీ చెప్పలేదు.

కథలో వెనక ఏరు పొంగుతోంది. ముందు కోట, మూసిన తలుపు, మీద కావలివాడు. లోపలికి రానిమ్మని రాయబారి అడగాలి. అందరూ మౌని వైపు తిరిగారు.

"క... క... క..."

"కావలివాణ్ణి తలుపు తీయమంటున్నాడు," అన్నాడు ప్లీడరు అలవాటుకొద్దీ.

మౌని అరచేత్తో బల్ల మీద చరిచాడు. "బావా! నువ్వు కాదు. నేను."

ప్లీడరు మొహం ఎర్రబడింది. పాతికేళ్ళ సాయానికి ఇదా బహుమానం అనిపించిందో ఏమో, కానీ నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క పనీ అతను అంతకు ముందే చేసి ఉండవలసింది.

"క... కావలివాడా! మా వెనక ఏ... ఏరు పొంగుతోంది. గాయపడినవాళ్ళు ప... ప... పన్నెండు మంది. తలుపు తీస్తే నీ దొర కోపం ఒక్క పూట. త... తీయకపోతే మా కేకలు నీకు బ... బతికినన్నాళ్ళూ వినిపిస్తాయి."

ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరి దాకా ఎవరూ అతనికి మాట అందించలేదు.

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత బాగా అడిగాక పాచికెందుకురా? తీసేశాడు తలుపు."

మౌనికి ఒళ్ళు మండింది. "బావ అడిగితే ప... పాచిక వేయిస్తావు. నాకెందుకు ఊరికే? జ... జాలా?"

"అది కాదురా..."

"ఇటివ్వు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా? పాచిక లాక్కుని విసిరాడు. అది బల్లంతా దొర్లి ఆగింది. రెండు.

"పోనీ ఇంకోసారి వేస్తాడులే," అంది నర్సక్క.

"రెండంటే రెండే," అన్నాడు మౌని. "కావలివాడు ఏమన్నాడో చ... చెప్పు."

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత గొంతు సవరించుకుని గద్దించాడు: "పోవయ్యా పో! చాలామందిని చూశాను నీలాంటివాళ్ళని! తలుపు తీసేది లేదు!"

మౌని పకపకా నవ్వాడు. తనని అంత నిర్దయగా కాదన్నవాళ్ళు అంతకు ముందెవరూ లేరు. ఇక ఏరు ఈదక తప్పలేదు. అందులో ప్లీడరు గుర్రం కొట్టుకుపోయింది. దాని గురించి ప్లీడరు సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాడు.

ఇంటికి నడుస్తుంటే కూతురు అడిగింది. "కావలివాడికి నీ మాట అ... అర్థం కాలేదా నాన్నా?"

"అయింది."

"న... నత్తి అని తీయలేదా?"

"కాదమ్మా. రెండు పడింది. బ... బాగా మాట్లాడేవాళ్ళకీ పడుతుంది రెండు. మామయ్యకి ఎన్నిసార్లు పడిందో అడుగు."

"మరి ఎందుకు నవ్వావు?"

"మొత్తం నేనే అ... అడిగాను కదా. అందుకు."

పిల్ల ఇంటిదాకా అతని వేలు పట్టుకుని ఏదో ఆలోచిస్తూ నడిచింది. మర్నాడు బడిలో ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ లేదు. మౌని అడగకుండా పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు.

బుధవారం సాయంత్రం అతను గుమ్మంలో బూట్లు విప్పుతుండగా కూతురు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి మీద పడింది.

"నాన్నా! ఇవాళ నేనే చ... చెయ్యెత్తాను! సాలీడుకి ఎన్ని కాళ్ళని అడిగింది టీచరు. ప... పక్కమ్మాయి చెప్పబోతే ఆగమన్నాను. సాలీడుకి ఆ... ఆరు కాళ్ళని చెప్పాను!"

"ఆరేంటే, ఎనిమిది కదే!" అంది లోపల్నుంచి తల్లి.

"టీచరు కూడా అదే అంది. తప్పంది," అంది పిల్ల, మొహం వెలిగిపోతుండగా. "క... కానీ తప్పంతా నేనే చెప్పాను నాన్నా!"